ఆ పదకొండు రోజులు

నేను రిటైరైన పంతులమ్మను. పల్నాటి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో ఇరవై ఆరు సంవత్సరాలు జీవశాస్త్రం చెప్పాను. మెదడు బొమ్మ, నరము బొమ్మ నల్లబల్ల మీద వేసి పిల్లలకు భాగాలు గుర్తించడం నేర్పినదాన్ని. అయినా నా కన్నకూతురి మాత్రల విషయంలో నేను చేసిన తప్పు ఇంతవరకు మా ఇంటి గడప దాటి బయటకు రాలేదు. మా అమ్మాయే, "వ్రాయమ్మా, ఇంకొక తల్లికి పనికొస్తుంది" అన్నది. అందుకని వ్రాస్తున్నాను. పేర్లు మాత్రం వ్రాయను.

అది 2008వ సంవత్సరం. అమ్మాయి ఎనిమిదవ తరగతి. పొద్దున లేచి పాలగ్లాసు పట్టుకుంటే చేయి ఒక్కసారి ఎగిరిపడి గ్లాసు జారిపోయేది. ఒకరోజు దువ్వెన, ఇంకొకరోజు పళ్ళపొడి డబ్బా. "చేతుల్లో వెన్న పూసుకున్నావా?" అని నేను కోప్పడేదాన్ని. ఆ డిసెంబరులో క్రిస్మసు కేరల్సుకు పిల్లలతోపాటు రాత్రంతా ఇల్లిల్లు తిరిగింది. తెల్లవారుజామున గుడి ఆవరణలోనే పెద్ద ఫిట్సు వచ్చింది. ఒకరు తాళాలగుత్తి చేతిలో పెట్టారు, ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఈ రెంటివల్లా ఏ ఉపయోగమూ లేదని నాకు తెలుసు, కానీ ఆ వేళ నోరు పెగల్లేదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా ఉంటే చాలు. ఒక పెద్దామె దెయ్యం పట్టిందని అన్నది. మా అయ్యగారు ఆమెను మృదువుగానే వారించి, "ప్రార్థన నేను చేస్తాను, మీరు మాత్రం పొద్దుటి బస్సు తప్పిపోకండి" అన్నారు. ఆ మాటకు ఆయనకు ఎప్పటికీ ఋణపడి ఉంటాను.

పట్నంలో ఫెనిటాయిన్ మాత్రలు ఇచ్చారు. అది 1938 నుండి మూర్ఛకు వాడుతున్న పాత మందు, చాలామందికి చక్కగా పనిచేస్తుంది. మా అమ్మాయికి చిగుళ్ళు వాచి పళ్ళమీదికి వచ్చాయిగాని పొద్దుటి ఉలికిపాట్లు తగ్గలేదు సరికదా, ఎక్కువయ్యాయి. రెండు సంవత్సరాలు అలాగే గడిచాయి. 2010లో హైదరాబాదులో ఒక నరాల డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున లేవగానే చేతిలోని వస్తువులు జారిపోతుంటాయా?" అని. అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. అది అజాగ్రత్త అనుకున్నాముగాని రోగమనుకోలేదు గదా! ఈడు వచ్చే వయస్సులో మొదలయ్యే ఒక రకం మూర్ఛ ఇదని, నిద్ర చాలకపోతే పైకి లేస్తుందని, ఫెనిటాయిన్, కార్బమాజెపైన్ వంటి మందులు ఈ రకాన్ని ఒక్కొక్కసారి పెంచుతాయని ఆయన చెప్పారు. మూర్ఛ అనేది ఒకే జబ్బు కాదన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు. ఏడు సంవత్సరాలు ఒక్క ఫిట్సు రాలేదు. కొంచెం ఒళ్ళు చేసింది, జుట్టు పలచబడింది. అయితేనేం, డిగ్రీ చదివింది, బి.ఇడి. చేసింది. ఆ మందును మేము కళ్ళకద్దుకున్నాము.

2017లో పెండ్లి మాటలు వచ్చాయి. ఆ సంగతి చెప్పగానే డాక్టరుగారు కలం కింద పెట్టారు. "ఈ మందు మీద ఉండగా గర్భం వస్తే నూటికి పదిమంది బిడ్డలకు అవయవలోపాలు వస్తాయమ్మా. వెన్నుపూస మూసుకోకపోవడం, గుండెలో లోపం, పెదవి చీలడం లాంటివి. నూటికి ముప్పై నలభైమంది పిల్లలకు మాటలు, నడక, చదువు వెనుకబడతాయి" అన్నారు. నేను కుర్చీలో బిగుసుకుపోయాను. ఆ మరుసటి సంవత్సరం, 2018లో, ఐరోపా దేశాలలో పిల్లలు పుట్టే వయస్సులో ఉన్న స్త్రీలకు గర్భనిరోధానికి గట్టి ఏర్పాటు లేకుండా ఆ మందు ఇవ్వకూడదని కట్టుదిట్టం చేశారు. అలాగని ఎవరూ ఇది చదివి రేపటినుండి ఆ మాత్ర ఆపేయవద్దు. ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మగపిల్లలకు, పెద్దవాళ్ళకు, మరేదీ పనిచేయనివారికి ఇప్పటికీ అది మంచి మందే. అయితే దాన్ని కూడా డాక్టరు చెప్పినట్టే వాడాలి.

అప్పుడే "రెండో వరుస మందులు" అనే మాట విన్నాను. నేను మొదట భయపడ్డాను. మొదటివి ఓడిపోయాక ఇచ్చే కడపటి మందులు కాబోలు అనుకున్నాను. అలా కాదట. మొదట ఇచ్చిన మందు పనిచేయకపోయినా, పనిచేసినా ఒంటికి పడకపోయినా, మా అమ్మాయిలాగా వేరే కారణంతో మార్చవలసి వచ్చినా, దాని బదులు గాని దానికి తోడు గాని ఇచ్చే మందులవి. ఒక రకం మూర్ఛకు రెండో వరుసలో ఉన్న మందు ఇంకొక రకానికి మొదటి వరుసలో ఉండవచ్చు. లామోట్రిజిన్, టోపిరమేట్, లెవెటిరాసిటామ్ వంటివి చాలావరకు 1990 తరువాత వచ్చినవి. క్లోబజామ్ ఇంకా పాతది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో అంతకుముందు మందులు వాడని 470 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2000లో లెక్క ప్రకటించారు. మొదటి మందుతోనే నూటికి 47 మందికి ఫిట్సు ఆగిపోయాయి. రెండో మందుతో మరి 13 మందికి ఆగాయి. మూడో మందుతో ఆగినది నూటికి ఒక్కరికే. రెండు మందులు సరిగా ఎంచి, సరియైన మోతాదులో వాడినా ఆగకపోతే ఇక మందులు మార్చుకుంటూ కూర్చోకుండా ఆపరేషను వంటి మార్గాలున్నాయేమో చూపించుకోవాలని అందుకే చెబుతారు. మన పల్లెల్లో పదేళ్ళు అదే మాత్ర మింగుతూ నెలకు నాలుగు ఫిట్సుతో బ్రతికేవారిని నేను చూశాను.

మా అమ్మాయికి మొదట లెవెటిరాసిటామ్ కలిపారు. దానికి మంచి పేరుంది. వారం పది రోజుల్లో పనిచేసే మోతాదుకు చేరుకోవచ్చు, వేరే మందులతో పెద్దగా తగవు పెట్టుకోదు, మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. కానీ మూడవ వారంలో మా సాధువైన పిల్ల అన్నం పళ్ళెం గోడకేసి కొట్టింది. తరువాత నా ఒళ్ళో తల పెట్టుకుని, "అమ్మా, ఇది నేను కాదమ్మా" అని ఏడ్చింది. కొందరికి ఆ మందు చిరాకు, కోపం, దిగులు తెస్తుందట. పొగరు అనుకుని ఇంట్లోవాళ్ళు తిట్టకుండా డాక్టరుకు చెప్పాలి. మేము చెప్పాము, ఆయన మార్చారు.

ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్న గంటలలో నేను నేర్చుకున్నది తక్కువేమీ కాదు. టోపిరమేట్ వాడే ఒక బాబు తల్లి తడిగుడ్డ చేతిలో పట్టుకునే తిరిగేది. ఆ మందువల్ల కొందరు పిల్లలకు చెమట పట్టదు, మే నెల ఎండలో ఒళ్ళు కాలిపోతుంది. మాటలు వెతుక్కోవడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, మూత్రపిండాలలో రాళ్ళు కూడా రావచ్చునట, అందుకని నీళ్ళు బాగా తాగించేది. గర్భిణులకు అదీ మంచిది కాదు. విగబాట్రిన్ వాడే ఒక పసిబిడ్డకు మాటిమాటికి కళ్ళు పరీక్షించేవారు, చూపు అంచులు తగ్గిపోతే మళ్ళీ రావు గనుక. అయినా ఆ బిడ్డ జబ్బుకు అంతకంటే మంచి మందు లేదట. లాభమూ నష్టమూ తక్కెడలో వేసి చూసి ఇచ్చే మందులివి.

లామోట్రిజిన్ సంగతికి వస్తాను. గర్భిణులకు ఉన్నవాటిలో మంచి మందులలో అదొకటి. బిడ్డలకు లోపాలు మామూలు స్త్రీల బిడ్డలలో కంటే ఏమంత ఎక్కువ ఉండవు. మత్తు తక్కువ, ఒళ్ళు పెరగదు. దాని చిక్కంతా చర్మంతోనే. పదిమందిలో ఒకరికి మామూలు దద్దుర్లు వస్తాయి. పెద్దవాళ్ళలో వెయ్యిమందిలో ఒకరికి, మహా అయితే ముగ్గురికి, చర్మము, నోరు, కళ్ళు పొక్కిపోయే ప్రమాదకరమైన దద్దుర్లు వస్తాయి. పిల్లలలో ఇంకా ఎక్కువ. మొదటి రెండు నెలలు ఎక్కువ జాగ్రత్త. అందుకని చీమ నడకగా మొదలుపెట్టాలి. వాల్‌ప్రోయేట్ ఒంట్లో ఉంటే ఈ మందు త్వరగా బయటకు పోదు, రెట్టింపు కాలం నిలుస్తుంది. కాబట్టి మరీ నెమ్మది. మా అమ్మాయికి 25 మిల్లీగ్రాముల మాత్ర రోజు మార్చి రోజు రెండు వారాలు, తరువాత రోజుకొకటి రెండు వారాలు, ఆ తరువాత కొంచెం కొంచెంగా. క్యాలెండరు మీద డాక్టరుగారే గుర్తులు పెట్టి ఇచ్చారు. నాకేమో పెండ్లి తొందర. "త్వరగా పెంచకూడదా సార్?" అని అడిగితే, "ఈ మందు దగ్గర తొందర పనికిరాదమ్మా" అన్నారు. పాత మందు మెల్లగా తగ్గించి, 2018 చివరికి పూర్తిగా లామోట్రిజిన్ మీదికి వచ్చాము. పొద్దున 100, రాత్రి 100.

ఆయన మూడు సంగతులు వ్రాసుకోమన్నారు. దద్దురు గాని జ్వరంతో నోటిపూత గాని వస్తే వెంటనే రావాలి. గర్భనిరోధక మాత్రలు వాడితే ఈ మందు రక్తంలో సగానికి పడిపోతుంది, అడగకుండా వాడవద్దు. మూడవది, ఎప్పుడైనా ఐదు రోజులకు మించి మానేస్తే మళ్ళీ పాత మోతాదు వేసుకోకూడదు, ఫోను చేయాలి, మొదటి మెట్టు నుండి ఎక్కవలసి ఉంటుంది. ఈ మూడూ నా నోటుపుస్తకంలో నా చేతివ్రాతతో ఉన్నాయి.

సంబంధం ప్రకాశం జిల్లా వైపు కుదిరింది. అబ్బాయి మంచివాడు, సంఘంలో మంచి పేరున్న కుటుంబం. నేను మా వారితో, "ఫిట్సు ఆగి ఎనిమిదేళ్ళు దాటింది, ఇప్పుడు చెబితే పీటల మీద పెండ్లి ఆగిపోతుంది" అన్నాను. ఆయన మొదట వద్దన్నారు, తరువాత మెత్తబడ్డారు. ఈ దేశంలో హిందూ వివాహ చట్టంలోను, ప్రత్యేక వివాహ చట్టంలోను మూర్ఛ ఉన్నవారి పెండ్లికి అడ్డుగా ఉన్న మాటను 1999లోనే తీసివేశారు. మన పెండ్లిళ్ళు 1872 నాటి వేరే చట్టం కింద జరుగుతాయనుకోండి. కానీ చట్టం తీసివేసిన మాట నా మనస్సులోనుండి పోలేదు. గుడిలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటనలు చదువుతుంటే, ఎవరికైనా అభ్యంతరమున్నదా అని అడిగినప్పుడల్లా నా అరచేతులు తడిసిపోయేవి. మూడవ ఆదివారం తరువాత అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "టీచరమ్మా, పిల్ల మాత్రల సంగతి వాళ్ళకు చెప్పారు గదా?" అన్నారు. "చెప్పామయ్యగారూ" అన్నాను. దైవసేవకుడి ముఖం చూసి అబద్ధం చెప్పాను.

2019 మే నెలలో పెండ్లి జరిగింది. మాత్రలు సున్నుండల డబ్బా అడుగున కాగితం పరిచి పెట్టి, "ఎవరూ చూడకుండా వేసుకో" అని చెప్పి పంపాను. అక్కడికి వెళ్ళిన నాలుగవ రోజున వాళ్ళ అత్తగారు ఆ డబ్బా ఖాళీ చేసి, తోమి, బోర్లించారు. ఆమె తప్పేముంది? కాగితంలో చుట్టినది ఏమిటో ఆమెకు తెలియదు, చెత్తతోపాటు పోయింది. అమ్మాయి అడగలేకపోయింది. చుట్టాల ఇళ్ళలో విందులు, రాత్రుళ్ళు ప్రయాణాలు, ఫోను ఎప్పుడూ ఎవరో ఒకరి మధ్యలోనే. పదకొండు రోజులు మాత్ర లేకుండా గడిచిపోయాయి. పన్నెండవ రోజు పొద్దున టీకప్పు చేతిలోనుండి ఎగిరిపడింది. అప్పుడు పెరట్లోకి వెళ్ళి గుసగుసగా నాకు ఫోను చేసింది. నా గుండె జారిపోయింది. ఫిట్సు వస్తే గుట్టు బయటపడుతుందన్నదొక్కటే నా భయం. మా అబ్బాయి చేతికి మాత్రలిచ్చి బస్సెక్కించాను. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఎప్పటిలాగే వెంటనే మొదలుపెట్టు" అని చెప్పాను. నోటుపుస్తకం ఆ గదిలోనే బీరువాలో ఉంది. నేను తెరవలేదు.

ఎనిమిదవ రోజుకు జ్వరం, గొంతునొప్పి, కళ్ళు ఎరుపు. ఆ మరునాడు ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు వేసవి వేడి అన్నారు, ఇంకొకరు ఆటలమ్మ అన్నారు. మూడు రోజులకు పెదవులు పుండ్లు పడి మంచినీళ్ళు కూడా మింగలేకపోతే పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ ఒక కుర్ర డాక్టరమ్మ, "ఈ రెండు నెలల్లో కొత్త మాత్రలేమైనా వాడారా?" అని అడిగింది. పక్కనే అత్తగారు. మా అమ్మాయి అడ్డంగా తల ఊపింది. ఆ తల ఊపు నేను నేర్పినదే. ఆ రాత్రి కూడా తన సంచిలోని మాత్ర వేసుకుంది.

నేను తెల్లవారి చేరుకునేసరికి ముఖం గుర్తుపట్టలేకపోయాను. డాక్టరమ్మ నన్ను చూడగానే మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. అల్లుడుగారు, వియ్యపురాలుగారు, వాళ్ళ ఆడపడుచు, అందరూ అక్కడే ఉన్నారు. చెప్పాను. మందు పేరు, మోతాదు, పదకొండు రోజులు, తిరిగి పూర్తి మోతాదు, అన్నీ చెప్పాను. ఆమె పరుగున వెళ్ళి ఆ మందు ఆపించింది. 1922లో ఇద్దరు అమెరికా డాక్టర్లు మొదట వర్ణించిన స్టీవెన్స్ జాన్సన్ జబ్బు అది. శరీరం ఒక మందును నెమ్మదిగా అలవాటు చేసుకుంటుంది. కొన్ని రోజులు మానేస్తే ఆ అలవాటు పోతుంది. అప్పుడు ఒక్కసారిగా నిండు మోతాదు పడితే మొదటి రోజునే నిండు మోతాదు మింగినట్టే లెక్క. పిల్లలకు పాఠం చెప్పినట్టు ఇప్పుడు చెబుతున్నాను చూడండి.

అల్లుడుగారు ఆ సాయంత్రం మెట్ల దగ్గర నాతో ఒక్క మాటే అన్నారు. "నాకు ఎందుకు చెప్పలేదు అత్తయ్యగారూ? చెబితే ఆ డబ్బా నేనే దాచేవాడిని గదా." ఆయన కోపపడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పదహారు రోజులు ఆసుపత్రిలో ఉన్నది. కంటి డాక్టరు రోజూ వచ్చేవారు, రెప్పలు గుడ్డుకు అంటుకుపోకుండా. ప్రాణం దక్కింది, చూపు దక్కింది. కళ్ళలో తడి మాత్రం తగ్గింది, నేటికీ చుక్కలు వేసుకుంటుంది. లామోట్రిజిన్ ఆమెకు ఇక జన్మలో ఇవ్వకూడదు. అంత ఓపికగా ఒక్కొక్క మెట్టు ఎక్కి సంపాదించుకున్న మంచి మందును నా గుట్టు కోసం పోగొట్టాను.

మిగిలినది లెవెటిరాసిటామే. ఈసారి తక్కువ మోతాదుతో, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టారు. కోపం ఈసారీ వచ్చింది, అంతగా కాదు. "మాత్ర కోపమా, మనిషి కోపమా?" అని అల్లుడుగారు అడిగితే పిల్ల నవ్వేసేదట. 2021లో బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందుగానే డాక్టరుగారికి చెప్పి ఫోలిక్ ఆసిడ్ మాత్రలు మొదలుపెట్టారు. గర్భంలో ఈ మందు కూడా రక్తంలో పలచబడుతుందని రెండుసార్లు మోతాదు పెంచారు, కాన్పు తరువాత తగ్గించారు. మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు కేరళలో 1998 నుండి ఒక రిజిస్టరులో వ్రాసి పెడుతున్నారని, చాలామందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారని ఆయన ధైర్యం చెప్పారు. 2022లో మనవరాలు పుట్టింది. నేను వేళ్ళు, పెదవి, వెన్ను అన్నీ తడిమి చూసుకున్నాను. మా అయ్యగారి దగ్గరకు వెళ్ళి ఆ ఆదివారం నాటి అబద్ధం ఒప్పుకున్నది కూడా అప్పుడే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పసిదాని పేరు ఏమనుకుంటున్నారని అడిగారు.

మా వియ్యపురాలుగారు ఇప్పుడు రాత్రి ఎనిమిది కొట్టగానే వాకిట్లోనుండే వీధి వీధంతా వినేటట్టు, "అమ్మాయ్, మాత్ర వేసుకున్నావా?" అని కేకవేస్తారు. మొదట్లో నాకు ఒళ్ళు చచ్చిపోయేది. మాత్రల డబ్బా వాళ్ళ ఫ్రిజ్ మీద, అందరికీ కనిపించేచోట ఉంటుంది. మా అమ్మాయి పర్సులో ఒక చిన్న అట్టముక్క ఉంటుంది. దాని మీద జబ్బు పేరు, వాడుతున్న మందు, భర్త ఫోను నంబరు, కింద ఎర్ర సిరాతో "లామోట్రిజిన్ ఇవ్వరాదు" అని అల్లుడుగారు వ్రాశారు. అట్ట నలిగిపోతే ప్రతి సంవత్సరం జనవరిలో కొత్తది వ్రాసి పెడతారు.